గొంతు జీరపోయినప్పుడు

తెలుగులో గొంతు చెడటానికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పడిశం పట్టినవాడి గొంతు బొంగురుపోతుంది. రాత్రంతా మేలుకొని పాడినవాడిది జీరపోతుంది. సంతలో అరిచి అరిచి వచ్చినవాడిది రాసుకుపోతుంది. కఫం కమ్మితే పూడుకుపోతుంది. దుఃఖం వస్తే గద్గదమవుతుంది, భయం వేస్తే అసలు పెగలదు. ఇవన్నీ పర్యాయపదాలని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులున్నారు. నేను ఒప్పుకోను. ఒక్కొక్క మాట ఒక్కొక్క కారణాన్ని కడుపులో దాచుకొని ఉంది. జలుబు చేసినవాణ్ణి చూసి "వాడి గొంతు రాసుకుపోయింది" అని మా పల్లెల్లో ఎవరూ అనరు.

మిత్రులారా, ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఈ భేదాల గురించే. మన పాతవైద్యం గొంతు జబ్బును ఎలా చూసింది, అందులో ఏది మన ఇళ్లదాకా దిగివచ్చింది, ఏది దారిలో జారిపోయింది అన్నదే ఇక్కడ విషయం. నేను వైద్యుణ్ణి కాను. పొన్నూరు సంస్కృత కళాశాలలో భాషాప్రవీణ చదివి, ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో పద్యాలు చదివి వినిపించినవాణ్ణి. రేకుల కప్పు, పక్కనే లారీలు తిరిగే రోడ్డు, ఎదుట అరవైమంది పిల్లలు, ఇదీ మా కచేరీ. ఈ కచేరీలో గొంతు పాడుచేసుకోని తెలుగు పండితుణ్ణి నేను చాలా అరుదుగా చూశాను. కాబట్టి ఈ విషయంలో నాకు కొంత స్వార్థం ఉందనే అనుకోండి.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 53వ అధ్యాయం మొత్తం గొంతు జబ్బుదే. దాని పేరు స్వరభేద ప్రతిషేధం. కారణాలలో మొట్టమొదట చెప్పినది అతిగా బిగ్గరగా మాట్లాడటం. ఆ తరువాతే విషం, బిగ్గరగా చేసే అధ్యయనం, దెబ్బ తగలడం మొదలైనవి. అధ్యయనాన్ని రోగకారణాల్లో చేర్చిన శాస్త్రకారుడి నిజాయితీకి నేను ఎన్నోసార్లు నమస్కరించుకున్నాను. వేదం చదివేవాళ్లే వైద్యం రాసిన కాలంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి!

తరువాత స్వరభేదాన్ని ఆరుగా విభజించారు. వాతం వల్ల, పిత్తం వల్ల, కఫం వల్ల, మూడూ కలిసి సన్నిపాతం వల్ల, క్షయం వల్ల, మేదస్సు వల్ల. ఈ విభజన చూసి "అన్నిటికీ వాతపిత్తకఫాలేగా" అని పెదవి విరిచేవారుంటారు. కాస్త ఆగి లక్షణాలు చదవండి. వాతజమైనదానిలో గొంతు పగిలి, గాడిద గొంతులా గరుకుగా ఉంటుంది. పిత్తజమైనదానిలో మాట్లాడుతుంటే గొంతు మండుతుంది. కఫజమైనదానిలో గొంతు ఎప్పుడూ అడ్డుపడినట్టుంటుంది, రోగి మెల్లగా కొద్దిగా మాట్లాడతాడు, పగటిపూట కొంత మెరుగు. క్షయజమైనదానిలో మాట పొగలాగా వెలువడి క్రమంగా క్షీణించిపోతుంది. మేదోజమైనదానిలో మాట గొంతులోపలే ఉండిపోతుంది, పదాలు స్పష్టంగా తెలియవు, ఆలస్యంగా వెలువడుతాయి.

ఇది గ్రంథం ముందు పెట్టుకొని ఊహించి రాసిన జాబితాలా లేదు. రోగి ఎదుట కూర్చొని, చెవి రిక్కించి విన్నవాడి మాటలివి. నేడు ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల గొంతు చెడుతుందని వైద్యులు చెబుతుంటే నాకు ఆ మండే గొంతు జ్ఞాపకం వస్తుంది. థైరాయిడ్ మందగించి ఒళ్లు చేసి, మాట ముద్దగా వచ్చేవాళ్లను చూస్తే మేదోజం జ్ఞాపకం వస్తుంది. ఈ రెండూ ఒకటేనని నేననడం లేదు. పాతమాటను కొత్తజబ్బుకు అంటగట్టి "మావాళ్లు అన్నీ ముందే చెప్పారు" అనే పద్ధతి నాకు బొత్తిగా పడదు. వాళ్లు గొంతులోపల చూడలేదు. చెవితో విన్నారు, అంతే. కాని ఆ వినడంలో శ్రద్ధ ఉంది.

గొంతులోపల చూడటం అన్నది చాలా ఇటీవలి మాట. 1854లో మాన్యువల్ గార్షియా అనే ఆయన చిన్న అద్దం గొంతులో పెట్టుకొని, మరొక అద్దంతో వెలుగు పంపి, తన స్వరతంత్రులు కదలడం తానే చూశాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీ ముందు దాన్ని వివరించాడు. ఆయన వైద్యుడు కాడు. సంగీతం నేర్పే పంతులు! ఈ శాస్త్రంలో పెద్ద అడుగులు పాటగాళ్ల వైపు నుంచే పడ్డాయన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

మన దగ్గరా అంతే. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉండి సంగీతరత్నాకరం రాశాడు. వాళ్లది కాశ్మీరం నుంచి వచ్చిన కుటుంబం. రోగార్తులకు రసాయనాలిచ్చి ఆదుకున్నవాణ్ణని గ్రంథారంభంలో తన గురించి చెప్పుకున్నాడు. కనుకనే ఆయన గ్రంథంలో గాయకుడి గొంతుకు వైద్యుడి భాష వచ్చి చేరింది. కంఠధ్వనిని నాలుగుగా విడదీశాడు: ఖాహులం, నారాటం, బొంబకం, మిశ్రకం. మొదటిది కఫప్రధానం, మృదువుగా స్నిగ్ధంగా ఉంటుంది. రెండవది పిత్తప్రధానం, మూడు స్థాయిల్లోనూ గంభీరంగా నిలుస్తుంది. మూడవది వాతప్రధానం, ఆముదపు కాడలాగా లోపల సారం లేక గరుకుగా మోగుతుంది. నాలుగవది వీటి కలయిక. వైద్యుడు రోగం అన్నదాన్ని సంగీతజ్ఞుడు స్వభావం అన్నాడు. రెంటికీ కొలమానం ఒక్కటే. ఈ సంగీతరత్నాకరానికి సంగీతసుధాకరం అనే వ్యాఖ్య రాచకొండ ప్రభువు సింగభూపాలుడిదిగా ప్రసిద్ధం కాబట్టి, ఈ విద్య తెలుగునేలకు పరాయిదేమీ కాదు.

మా సీమకైతే మరీ కాదు. పొన్నూరు నుంచి గుంటూరు దారిలో వచ్చే చేబ్రోలు, గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని ఊరు. నృత్తరత్నావళి రాసినవాడు ఆయనే. ఇక నేటి అమరావతి ప్రాంతంలో మందడం పక్కన ఉన్న మల్కాపురం శాసనం చూడండి. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించినది. విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన మఠానికీ, సత్రానికీ, ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ చేసిన ఏర్పాట్లన్నీ అందులో ఉన్నాయి. వేదాలు చెప్పే గురువులున్నారు, వైద్యుడున్నాడు, నాట్యకత్తెలు, పాటకత్తెలు, మద్దెలవాళ్లు ఉన్నారు. ఒక కాశ్మీర గాయకుడు కూడా ఉన్నాడు! శార్ఙ్గదేవుడి కుటుంబం లాగే ఇతనూ ఎక్కడినుంచో నడిచివచ్చాడు కాబోలు. ఒకే ప్రాంగణంలో గొంతుతో బతికేవాళ్లు అంతమంది ఉన్నచోట, ఆ వైద్యుడి దగ్గరకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఏదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇది నా ఊహ మాత్రమే, శాసనంలో లేదు.

వేదపాఠకుల జాగ్రత్తలు శిక్షాగ్రంథాల్లో ఉన్నాయి. పొద్దున్నే లేచి మౌనంగా మామిడి, మోదుగ, మారేడు, ఉత్తరేణి, దిరిసెన పుల్లలలో దేనితోనైనా పళ్లు తోముకోవాలి. త్రిఫలను ఉప్పుతో కలిపి తినాలి, అది స్వరాన్నీ వర్ణాన్నీ బాగుచేస్తుంది. ఇక పాణినీయ శిక్షలో ఒక అందమైన నియమం ఉంది. ఉదయంపూట రొమ్మునుంచి వచ్చే లోతైన స్వరంతో, పులి గొంతులా చదవాలి. మధ్యాహ్నం కంఠం నుంచి, చక్రవాకం కూతలా. సాయంకాలపు సవనంలో శిరస్సునుంచి, నెమలిలా హంసలా. గొంతు ఇంకా నిద్రమత్తు వదలని వేళ తారస్థాయి ఎత్తవద్దనేగా దీని అర్థం? ఏ గాయకుణ్ణయినా అడగండి, ఇదే చెబుతాడు. మా బడుల్లో మాత్రం ఉదయం ప్రార్థన దగ్గరే గొంతు చించుకోమంటారు.

ఇక చికిత్స. ఆరు రకాలకూ ఆరు దారులు. వాతానికి భోజనం తరువాత నెయ్యి, పిత్తానికి అతిమధురం వంటి చల్లని మధురద్రవ్యాలతో పాలూ నెయ్యీ, కఫానికి శొంఠి పిప్పలి మిరియాలు. వీటికి తోడు నస్యం, పుక్కిలింత, ఔషధధూమం, లేహ్యం. అన్నిటిలోకీ నాకు ప్రియమైనది మాత్రం బిగ్గరగా మాట్లాడి గొంతు దెబ్బతిన్నవాడికి సుశ్రుతుడు విడిగా చెప్పిన యోగం. మధురద్రవ్యాలు వేసి కాచిన పాలలో చక్కెర, తేనె కలిపి తాగాలి. (తేనె వేడి తగలకూడదని పాతవైద్యుల గట్టి పట్టు. పాలు చల్లారాకనే కలపాలి.) ఇంతే! కారం లేదు, ఘాటు లేదు. నేడు మనం చేసే పని సరిగ్గా దీనికి విరుద్ధం. పాఠం చెప్పి చెప్పి గొంతు రాసుకుపోయినవాడి చేత మిరియాల కషాయం తాగిస్తాం. అది కఫానికి మందు. రాపిడికి కాదు. రాసుకుపోయిన చోట కారం పూస్తే ఏమవుతుందో మిరపకోతకు వెళ్లివచ్చిన ఏ కూలీనడిగినా చెబుతుంది.

ఇక్కడ నేటి శాస్త్రం చెప్పేది కూడా వినాలి. మాట్లాడుతున్నప్పుడు స్వరతంత్రులు మగవాళ్లలో సెకనుకు సుమారు 100 నుంచి 150 సార్లు, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. రోజుకు ఆరు పీరియడ్లు అరిచే పంతులమ్మ గొంతులో ఎన్ని తాకిళ్లో గుణించుకోండి. తాకినచోటే వాచి, క్రమంగా చిన్న కాయలు కడతాయి, చేతికి పార పట్టినట్టు. ఆడ ఉపాధ్యాయులకే ఈ బాధ ఎక్కువ. వైద్యులు మొదట చెప్పే మందు గొంతుకు విశ్రాంతి, నీళ్లు తాగడం, గొంతు వాడే తీరు మార్చుకోవడం. మైసూరులో 1965లో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన వాక్ శ్రవణ సంస్థ ఇలాంటి శిక్షణ ఇచ్చేవారిని తయారుచేస్తోంది.

మరి విశ్రాంతి సంగతి పాతవైద్యంలో లేదా? ఉంది, కాని స్వరభేద ప్రకరణంలో వెతికితే కనబడదు. చరకుడు సిద్ధిస్థానంలో, పంచకర్మ చేయించుకొనేవాడు తప్పక మానవలసిన ఎనిమిది పనులు చెప్పాడు. వాటిలో మొట్టమొదటిది బిగ్గరగా మాట్లాడటం. అంటే, స్వరభేదానికి నెయ్యి తాగించి, వమనమో విరేచనమో నస్యమో చేయించిన రోగి, ఆ చికిత్స నడిచినన్నాళ్లూ గొంతు ఎత్తకూడదు. మందుతోపాటు మౌనం దానంతట అదే వచ్చింది. వైద్యుడు దాన్ని వేరుగా చెప్పనక్కరలేకపోయింది. ఈ పద్ధతిని విప్పి, అందులోంచి చూర్ణం ఒక్కటీ తీసి డబ్బాలో పోసి అమ్మినప్పుడు మౌనం డబ్బాలోకి రాలేదు. గొంతు వైద్యంలో మనం పోగొట్టుకున్నది ఏ మూలికనూ కాదని, ఈ మౌనాన్నీ, ఆ ఆరు రకాల వివేకాన్నీ అని నా దృఢమైన అభిప్రాయం.

ఈ వివేకం తెలుగుదేశంలో చాలాకాలం నిలిచింది. కోటూరు బసవరాజు రాసిన బసవరాజీయం, వల్లభాచార్యుని వైద్యచింతామణి మన వైద్యుల ఇళ్లలో ఉండేవి. వావిళ్లవారు వాటిని తెలుగు తాత్పర్యంతో అచ్చువేశాక బడిపంతుళ్ల ఇళ్లలోకీ వచ్చాయి. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో వైద్యవిద్య చెప్పిన పండిత దీవి గోపాలాచార్యులు, ఎం.బి. చదివి ఆయన దగ్గర ఆయుర్వేదం నేర్చిన ఆచంట లక్ష్మీపతి, ఈ విద్యను కొత్తకాలానికి తీర్చిదిద్దడానికి పాటుపడ్డారు. 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్యపాఠశాల మొదలైంది. అక్కడ ఎల్.ఐ.ఎం. పట్టా పుచ్చుకున్నవారు నాడీ చూడటమూ నేర్చారు, శరీరనిర్మాణమూ నేర్చారు. గుంటూరు జిల్లా పల్లెల్లో వాళ్ల పలకలు మా చిన్నతనందాకా కనిపించేవి.

అప్పట్లో వాళ్లకు గొంతు రోగులకు కొదవ లేదు. ఎందుకంటే ఈ నేల అంతా నాటకాల నేల. స్థానం నరసింహారావు బాపట్లవాడు. ఈలపాట రఘురామయ్య సుద్దపల్లివాడు. మాధవపెద్ది సత్యం పుట్టిన బ్రాహ్మణకోడూరు మా పొన్నూరుకు కూతవేటు. బుర్రకథ నాజర్ది పొన్నెకల్లు. కంచుకంఠం జగ్గయ్యది తెనాలి దగ్గర మోరంపూడి. మైకులు రాకముందు పద్యం చివర రాగం ఆఖరి వరుసలో చాపమీద కూర్చున్నవాడికి వినబడాలి. పైగా "వన్స్ మోర్" అని కేక పడితే మళ్లీ పాడాలి. పెట్రోమాక్సు దీపాల పొగ, కళ్లం దుమ్ము, తెల్లవారుజాము మంచు. రాత్రికి కృష్ణుడు వేసినవాడు మరునాడు మరో ఊళ్లో హరిశ్చంద్రుడు వేయాలి. బుగ్గన కరక్కాయ ముక్కో, అతిమధురం పుల్లో లేని నటుణ్ణి తెరవెనుక చూడటం కష్టమని మా పెద్దలు చెప్పేవారు. దుంపరాష్ట్రం, పటికబెల్లం, లవంగం, చండ్రచెక్క నుంచి తీసిన కాచుతో చేసే ఖదిరాది మాత్రలు, ఇవన్నీ హార్మోనియం పెట్టెలోనే ఉండేవట.

ఈ కరక్కాయ ప్రయాణం చిత్రమైనది. మనకు ఎంతో దూరాన ఉన్న కొరియాలో హో జున్ అనే ఆస్థానవైద్యుడు, రాజాజ్ఞపై 1596లో మొదలుపెట్టి 1610లో ముగించి, 1613లో అచ్చువేయించిన తోంగుయి పోగం అనే మహాగ్రంథం ఉంది. 25 సంపుటాలు. (మన బసవరాజీయం 25 ప్రకరణాలు. కాకతాళీయమే, కాని సంతోషం వేసింది.) 2009లో యునెస్కో దాన్ని ప్రపంచస్మృతి జాబితాలో చేర్చింది. అందులో కంఠస్వరానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉంది. స్వరానికి హృదయం యజమాని, ఊపిరితిత్తులు ద్వారం, మూత్రపిండాలు మూలం అంటారు వాళ్లు. మనవాళ్లు రొమ్మున ఉండి నాభి, కంఠం, ముక్కు మధ్య సంచరించే ఉదానవాయువు మాటకు కారణమన్నారు. మాటలు వేరు, చూపు ఒకటే. గొంతు జబ్బు గొంతులోనే పుట్టనక్కరలేదు.

పాడి పాడి గొంతు పోయినవారికి ఆ గ్రంథం చెప్పిన మాత్రల పేరు తెలుగు చేస్తే "పగిలిన పిల్లనగ్రోవిని మోగించే మాత్రలు" అవుతుంది. చైనా వైద్యగ్రంథం నుంచి వాళ్లు గ్రహించిన యోగమది. అందులో పుదీనా జాతి ఆకు మొదలైనవాటితో పాటు అతిమధురం ఉంది, కరక్కాయ ఉంది! చైనావాళ్లు కరక్కాయకు పెట్టుకున్న పాతపేరు మన హరీతకీ శబ్దం అరిగి ఏర్పడినదే. మా తెరవెనుక నటుడి బుగ్గలోని కరక్కాయ, అక్కడ పన్‌సోరి కథాగాయకుల దేశంలో మాత్రలోకి చేరింది. పన్‌సోరి అంటే ఒక గాయకుడు, ఒక డప్పువాద్యగాడు గంటలతరబడి కథ చెప్పే కళ. మన బుర్రకథకు దూరపు చుట్టం అనవచ్చు. జలపాతం హోరును మించి గొంతు వినిపించేదాకా సాధన చేసేవారని వాళ్ల ఐతిహ్యం. ఒక తేడా ఉంది. ఆ గాయకులకు జీర దోషం కాదు, గుణం. గరుకుదేరిన గొంతునే పండిన గొంతంటారు. మా పద్యనాటక రసికులు ఒప్పుకోరుగాని, బుర్రకథ వినేవాళ్లు సగం ఒప్పుకుంటారు.

ఇళ్లలోకి దిగిన గొంతు మందుల్లో వస కథ వేరు. పసిపిల్లల నాలుకకు వసకొమ్ము అరగదీసి రాస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. అందుకే వాగుడుకాయను "వసపిట్ట" అంటాం, "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా" అని ఎగతాళి చేస్తాం. మాట అందంగానే ఉందిగాని, వసలోని ఆసరోన్ అనే పదార్థం జంతువులలో హాని చేసిందని తేలి, అమెరికా 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది. పసిపిల్లల విషయంలో నా ఓటు సామెతకే, కొమ్ముకు కాదు. అతిమధురం కూడా నెలలతరబడి తింటే రక్తపోటు పెంచుతుంది. రక్తపోటు ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు ఈ వాక్యం మరోసారి చదవాలి.

ఇప్పుడు అసలు బరువైన సంగతికి వస్తాను. సుశ్రుతుడు ఆ అధ్యాయంలోనే ఎవరికి వైద్యం ఫలించదో చెప్పాడు. క్షీణించినవాడు, వృద్ధుడు, చిక్కిపోయినవాడు. చాలాకాలంగా ఉన్నది, పుట్టుకతో వచ్చినది, మేదస్సు పెరిగినవాడిది, మూడు దోషాలూ కలిసినది. ఇవి సాధ్యం కావన్నాడు. చరకుడు స్వరభేదాన్ని రాజయక్ష్మ లక్షణాల్లో చేర్చాడు. క్షయ గొంతుకు దిగితే మాట పొగలా క్షీణిస్తుందన్న వర్ణన ఎంత నిజమో, మందులేని రోజుల్లో చూసినవారికి తెలుసు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాకనే ఆ కథ మారింది. మంగళగిరిలో ఒకప్పుడు క్షయరోగుల శానిటోరియం ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఎయిమ్స్ నిలబడింది. రొమ్ములోని జబ్బు గొంతులో పలకడానికి మరో కారణం కూడా నేటి శాస్త్రం చెబుతుంది. ఎడమ స్వరతంత్రికి వెళ్లే నాడి రొమ్ములోకి దిగి, పెద్ద రక్తనాళం కింద చుట్టి, మళ్లీ పైకి వస్తుంది.

పాతవైద్యులకు తెలియని శత్రువు ఒకటుంది. పొగాకు. అదీ, మిరపా పోర్చుగీసువారి రాకతోనే మన దేశానికి వచ్చాయి. శాస్త్రాల్లోని ధూమపానం మూలికలతో చేసిన వత్తి పొగ. "చరకుడే పొగ తాగమన్నాడు" అని చుట్ట వెలిగించే పెద్దమనుషులు మా వైపు ఉండేవారు. పొగాకూ మిరపా మా గుంటూరు మెట్ట సీమకు బంగారం పండించాయి. మిరపయార్డులో, శీతలగిడ్డంగుల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు వింటూ కూడా మనం దాన్ని రోగమనుకోం. ఘాటు అనుకుంటాం.

నాకు తెలిసిన ఒక పద్యనాటక నటుడుండేవాడు. పేరూ ఊరూ చెప్పను. పక్క మండలంవాడు. రాయబారంలో కృష్ణుడు వేస్తే పది పల్లెలు కదిలేవి. చుట్ట మానలేదు. అరవై దగ్గరపడ్డాక గొంతు జీరపోయింది. ఒక మందుల దుకాణంలో చూర్ణమిచ్చారు. తేనెతో నాకించమన్నారు. తగ్గకపోతే మరో చూర్ణం. ఎవరూ ఎన్నాళ్లైందని అడగలేదు. నొప్పి ఉందా, చిక్కిపోయావా, పొగతాగుతావా అని అడగలేదు. ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు గుంటూరు తీసుకుపోతే స్వరపేటికలో పుండు, క్యాన్సరు. పెట్టె మొత్తం తీసివేశారు. బతికాడు. మెడకింద రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటూ పదకొండేళ్లు బతికాడు. మాట లేదు. నేను వెళితే హార్మోనియం ముందేసుకొని పద్యం మెట్లమీద వాయించేవాడు. నేను లోగొంతులో చదివేవాణ్ణి. యతి తప్పినా, ద్విత్వం జారినా వేలు ఆపి నావైపు చూసేవాడు.

ఆ చూర్ణాన్ని నేను తిట్టను. ఆ చూర్ణం కఫానికో, రాపిడికో కొంత పనిచేస్తుందేమో. కాని "చాలాకాలంగా ఉన్నది సాధ్యం కాదు, వదులు" అని రెండు వేల ఏళ్ల కిందటి గ్రంథం రాసిన పంక్తిని ఆ దుకాణంవాడు చదివి ఉంటే, ఆయన్ను రెండోసారి వచ్చిననాడే పెద్దాసుపత్రికి తోలేవాడు. నేటి వైద్యులు చెప్పే లెక్క మూడువారాలు. జలుబు తగ్గినా గొంతు జీర మూడువారాలకు మించి ఉంటే, ముఖ్యంగా పొగతాగేవారికి, చెవి ముక్కు గొంతు వైద్యుడు లోపల చూడాల్సిందే. స్వరతంత్రి మీద తొలిదశలో పట్టుకుంటే కిరణచికిత్సతోనే చాలామందికి ప్రాణమూ, గొంతూ రెండూ దక్కుతాయి. గార్షియా అద్దం ఇప్పుడు సన్నని కెమెరా అయింది. గుంటూరులో, తెనాలిలో కొద్ది నిమిషాల పని.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో నాటకాలవాళ్లో, హరికథకులో, వేదపండితులో ఉండి, వాళ్లు గొంతుకు వాడిన మందుల చిట్టా పాత నోటుపుస్తకంలోనో తాటాకులోనో ఉంటే దయచేసి రాసి పంపండి. మందు పేరు ఒక్కటే చాలదు. ఏ మోతాదు, ఎలాంటి గొంతుకు, ఎన్నాళ్లు, ఆ రోజుల్లో మాట్లాడనిచ్చారా లేదా, ఇవి కూడా ఉండాలి. మా అమ్మమ్మ నోటుపుస్తకంలో దుంపరాష్ట్రం పక్కన కుండలీకరణాల్లో "ఉపవాసం, మూడు దినాలు పలుకరాదు" అని ఉంది. అలాంటివే నాకు కావాలి.